దీవి చెక్క, జమ్మలమడుగు గుడ్డ

ఓడల ఆఫీసుల్లో, ఎగుమతి కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు కూర్చుని, చివరకు అందరూ ఒకటే అడుగుతారు. ఫోను కూడా సరిగా లేని కాలంలో, ప్రొద్దుటూరులో కూర్చుని సముద్రం అవతలి దీవులతో వ్యాపారం ఎలా నడిపారు అని. పర్మిట్లు, బిల్లులు, బీమా కాగితాలు ఎలా నింపాలో మీ ఆఫీసులో పెద్ద గుమాస్తా నేర్పుతాడు. వాటిని నేర్చుకోవడం కష్టమేమీ కాదు, మరిచిపోవడం అంతకన్నా సులువు. నేను ఇంకా మరిచిపోని సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. చాలావరకు నవ్వు తెప్పించేవే. ఆ ఉద్యోగం నాకు అంత సంతోషాన్నిచ్చింది.

చుక్క ఉన్న ఊరు, చుక్క లేని ఊరు

నేను పుట్టింది జమ్మలమడుగులో. మా నాయన బడిపంతులు. చదువు అయ్యాక కడపలో టైపు నేర్చుకుని, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరికి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చాను. గుడ్డల వ్యాపారి సుబ్బయ్య శెట్టిగారికి ఇంగ్లీషు చదివే మనిషి కావాలని ఎవరో చెప్పారు.

వెళ్లేసరికి ఆయన అంగట్లో తెల్లటి పరుపు మీద కూర్చుని ఉన్నారు. నా పేరు కూడా అడగకుండా ఒక జాబు చేతికిచ్చారు.

"చదువు సామీ."

చదివాను. సీషెల్స్ దీవుల నుంచి పిళ్ళె అనే తమిళ వ్యాపారి రాశారు. బొంబాయిలో కొన్న తువ్వాళ్ల మీద శెట్టిగారి అంగడి ముద్ర చూశారట. అక్కడి చేపలు పట్టేవాళ్లకు, కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లకు ఆ గుడ్డ బాగా నచ్చిందట. నేరుగా పంపగలరా అని అడిగారు.

"ఈ దీవులు యాడుండాయి?" అన్నారు శెట్టిగారు.

"నాకు తెలీదు శెట్టిగారూ."

"తెలీదని చెప్పినావు, అది బాగుండాది. నీకంటే ముందొచ్చినోడు సింగపూరు పక్కనే అన్యాడు. రా పోదాం."

నన్ను వెంటబెట్టుకుని హైస్కూలుకు వెళ్లారు. హెడ్మాస్టరు గదిలో ఒక గ్లోబు ఉండేది. ఇద్దరం దాన్ని తిప్పి తిప్పి చూశాం. చివరకు హెడ్మాస్టరుగారే చూపించారు. బొంబాయికీ ఆఫ్రికాకూ నడుమ సముద్రంలో ఆవగింజల్లాంటి చుక్కలు. శెట్టిగారు వేలు పెట్టి చూస్తే, ఆ వేలి కింద దేశం మొత్తం కనపడకుండా పోయింది.

"మన ప్రొద్దుటూరు యాడ సార్?" అని అడిగారు.

హెడ్మాస్టరుగారు నవ్వి, గ్లోబు మీద అంత చిన్న ఊళ్లు వేయరన్నారు.

"అట్లయితే వాళ్లే మేలు. వాళ్లకు చుక్కన్నా ఉండాది" అన్నారు శెట్టిగారు. దారిలో నాతో మళ్లీ అదే మాట ఎత్తుకున్నారు. "సూడు సామీ, బొంబాయోడితో బేరం చేస్తే వాడు మనల్ని పైనుంచి చూస్తాడు. వీళ్లు మనమాదిరే చిన్నోళ్లు. మనకు వాళ్లు కావల్ల, వాళ్లకు మనం కావల్ల. రేపటి నుంచి పనిలోకి రా."

నా ఇంటర్వ్యూ అంతే. మా అంగడికీ పిళ్ళెగారి అంగడికీ మధ్య సరుకులు నడవడం అప్పుడే మొదలైంది.

గంజి

మా గుడ్డ నేసేది జమ్మలమడుగులో. ఓబులేసు అనే ఆయన ఆ వీధి మగ్గాలకంతా పెద్ద. నేత గట్టిది, రంగు నిలిచేది. గంజి పెట్టి ఆరవేస్తే తువ్వాలు పలకలా నిలబడేది. మా ప్రాంతంలో గుడ్డను చేత్తో పట్టుకుని, అది వంగకపోతేనే మంచి సరుకు అంటారు.

మొదటి మూటలు ఎర్రగుంట్లలో రైలెక్కి బొంబాయికి, అక్కడి నుంచి ఓడలో దీవులకు వెళ్లాయి. చాలా రోజులకు పిళ్ళెగారి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు గానీ సంగతి చేదుగా ఉంది. ఓడలో తేమకు గంజి బూజు పట్టింది. ఆ వాసనకు బొద్దింకలు చేరి తువ్వాళ్లకు చిల్లులు పెట్టాయి.

శెట్టిగారూ నేనూ జమ్మలమడుగు బస్సెక్కాం. ఓబులేసు మాకు మజ్జిగ ఇప్పించి, సంగతంతా విని, తల అడ్డంగా ఊపాడు.

"గంజి లేకుండా పంపల్లనా? అది గుడ్డనా అప్పా? తడిసిన ఆకు మాదిరి యాలాడుతాది. నా పేరు పోతాది."

"నీ పేరు ఆడ ఎవురికి తెలుసు ఓబులేసూ?" అన్నారు శెట్టిగారు.

"నాకు తెలుసు కదా."

ఆ మాటకు ఎవరికైనా కోపం రావాలి. శెట్టిగారికి ముచ్చటేసింది. వాదించలేదు. గంజి పెట్టిన తువ్వాలు ఒకటి, పెట్టనిది ఒకటి తీసుకుని, ఉప్పునీళ్లు చల్లి, చెరొక కుండలో పెట్టి మూత వేయించారు. ఆ కుండల్ని ఓబులేసు ఇంట్లోనే ఒక మూల పెట్టించి, "మళ్లా వస్తాం, అప్పటిదాకా తీయొద్దు" అని చెప్పి వచ్చేశారు.

మళ్లీ వెళ్లినప్పుడు కుండల మూతలు తీసింది ఓబులేసు భార్య లక్షుమమ్మ. మొదటిది తీసి ముక్కు మూసుకుంది. రెండోది తీసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. మొదటి కుండ తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఈ కంపు నువ్వు కట్టుకుంటావా?"

ఓబులేసు ఆమె భుజం మీది తువ్వాలు అంచును వేళ్లతో నలిపి చూశాడు. "గంజి లేకపోతే నేత ఇంగా దగ్గర పడల్ల. దారం సన్నంది తెప్పీ అప్పా" అన్నాడు శెట్టిగారితో. అంతే, ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత దీవులకు వెళ్లిన గుడ్డ, అంతకుముందు మా ఊళ్లలో అమ్మినదానికంటే మంచిగా ఉండేది. పాడైన మూటలకు బదులు కొత్త మూటలు మేమే పంపాం. పిళ్ళెగారు అడగలేదు, శెట్టిగారు అడిగేదాకా ఆగలేదు.

మీకు చెప్పేదేమంటే, మనకు అందంగా కనిపించేది ఇంకో చోట తప్పు కావచ్చు. అది చెప్పడానికి ఉపన్యాసాలు పనికిరావు. మనిషికి కోపం రాకుండా, తన ఇంట్లో, తన కళ్లముందు తెలిసిరావాలి. ఈ విద్యలో శెట్టిగారిని మించినవాణ్ణి నేను తర్వాత మద్రాసులోగానీ బొంబాయిలోగానీ చూడలేదు.

బండల మోజు

అలాగని ఆయనకు మొండితనం లేదనుకోకండి. మా వైపు నాపరాళ్లంటే అందరికీ ప్రాణం. నేల మీద బండలే, అరుగు మీద బండలే, గోడకు గూళ్లు కట్టినా బండలే. దీవులకు బండలు పంపాలని శెట్టిగారికి ఒక పొద్దున బుద్ధి పుట్టింది.

"ముందు జాబు రాసి అడుగుదాం శెట్టిగారూ" అన్నాను.

"అడిగేదేంది? బండ వద్దనే ఇల్లు యాడన్నా ఉంటాదా?"

ఎర్రగుంట్ల నుంచి కొన్ని మంచి బండలు ఏరి, అంచులు చెక్కించి, గడ్డి చుట్టి పంపారు. బొంబాయిలో కూలీలు వాటిని మోసేటప్పుడు మమ్మల్ని ఏమేం తిట్టారో మా ఏజెంటు రాయలేదు గానీ, ఊహించుకోవచ్చు. పిళ్ళెగారి నుంచి జవాబు వచ్చింది. "మీ బండలు చేరాయి. చాలా బాగున్నాయి. అయితే మా దీవులే పెద్ద పెద్ద గుండ్లు. మాకు ఇక్కడ రాయి కాక మట్టి దొరకడమే కష్టం. మీ బండల్ని మా అంగడి ముందు మెట్లుగా వేయించాను. సాయంత్రం పూట ఊరివాళ్లు వాటి మీద కూర్చుంటున్నారు."

చదివి వినిపిస్తూ నేను నవ్వు ఆపుకోలేకపోయాను. శెట్టిగారు మొదట మూతి ముడుచుకున్నా, చివరి మాట దగ్గర ఆయనకూ నవ్వు వచ్చింది. "పోనీలే, కూర్చుంటాండారు కదా" అన్నారు. తర్వాత పంపేముందు ప్రతిసారీ "అడిగినావా సామీ?" అనేవారు. తప్పు చేసిన పెద్దమనిషి దాన్ని దాచుకోకుండా నవ్వేస్తే, కింద పనిచేసేవాడికి ఎంత ధైర్యంగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. మీ మేనేజరు అలాంటివాడైతే, జీతం కొంచెం తక్కువైనా ఆ చోటు వదలకండి.

తినని ఇద్దరు తెచ్చిన పలావు చెక్క

వ్యాపారం కొంచెం కుదురుకున్నాక పిళ్ళెగారు ఒక మాట రాశారు. మీ గుడ్డ నేను కొంటున్నాను, మా సరుకు కూడా మీరు కొంటేనే రెండు వైపులా బాగుంటుంది, ఇక్కడ కొండల మీద దాల్చినచెక్క విస్తారంగా ఉంది, దాన్ని ఒలిచి బతికేవాళ్లే నా అంగడికి వచ్చి మీ గుడ్డ కొనాలి అని. న్యాయమైన మాట. శెట్టిగారు వెంటనే సరేనన్నారు. ఈసారి అడగాల్సింది మా ఊరి పచారీ వ్యాపారులనని మా ఇద్దరికీ తట్టలేదు.

చెక్క వచ్చింది. గోనెలు విప్పి చూస్తే మేం అనుకున్నట్టు లేదు. మా వైపు వాడే చెక్క సన్నగా, కాగితం చుట్టినట్టు ఉంటుంది. ఇది లావుగా, గరుకుగా, వంటచెరకులా ఉంది. పచారీ వ్యాపారి ఒకాయన చేతిలోకి తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, "శెట్టీ, తుమ్మ చెక్కకు సముద్రం దాటల్లనా? మన వంక గట్టున ల్యాదా?" అన్నాడు. మిగిలినవాళ్లూ అంతే. గోనెలు అట్లాగే అంగడి వెనక గదిలో ఉండిపోయాయి. గది మొత్తం కమ్మటి వాసన. కొనేవాడు లేడు. చెక్క అమ్ముడుపోకపోతే పిళ్ళెగారి దగ్గర గుడ్డ అమ్ముడుపోదు. గుడ్డ పోకపోతే ఓబులేసు వీధిలో మగ్గాలు ఆగుతాయి. నేను పనిలో చేరాక మొదటిసారి శెట్టిగారు మధ్యాహ్నం నిద్ర మానుకున్నారు.

ప్రొద్దుటూరులో మస్తాన్ సాబు అని పెళ్లి వంటలవాడు ఉండేవాడు. ఆయన పలావు వండుతున్నాడంటే పిలవనివాళ్లు కూడా పెళ్లికి వస్తారని పేరు. శెట్టిగారు నన్ను ఆయన దగ్గరికి పంపారు. మస్తాన్ సాబు చెక్క ముక్క విరిచి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, నన్ను ఎగాదిగా చూశాడు.

"సామీ, నువ్వు మాంసం తినేవాడివి కాదు. మీ శెట్టీ తినేవాడు కాదు. తినని ఇద్దరూ కలిసి నాకు పలావు సామాను తెచ్చినారు."

"అందుకే నీ దగ్గరికి వచ్చినా సాబూ."

ఆయన నవ్వాడు. "ఖుష్బూ అయితే గట్టిగా ఉండాది. నోటితో చెప్పేది ల్యాదు, పొయ్యి మీద చూడల్ల. ఎల్లుండి పులివెందులలో పెళ్లి. రెండు పెద్ద డేగిసాలు ఎక్కిస్తా. ఒకదాంట్లో మామూలు చెక్క, ఇంగోదాంట్లో మీది. ఏది ముందు ఖాళీ అయితే అది మంచిది. సరేనా?"

"మాది పాడైతే?"

"పెళ్లికూతురి నాయన నన్ను కొడతాడు. నేను వచ్చి నిన్ను కొడతా."

ఆయన సామాను వేసుకున్న లారీలోనే పులివెందులకు వెళ్లాను. పెద్ద రైతుల ఇంటి పెళ్లి. పందిరి వెనక రాళ్ల పొయ్యిల మీద డేగిసాలు ఎక్కాయి. నేను ఒక వేపచెట్టు కింద, పొగ తగలని చోట నిలబడ్డాను. మసాలా వాసనకు మా ఇంట్లో మా అమ్మ తలుపులేసుకునేది. నేనేమో ఆ వాసన ఎంత దూరం పోతోందా అని ముక్కు ఎత్తి చూస్తున్నాను. బతుకుతెరువు మనిషిని ఎక్కడెక్కడ నిలబెడుతుందో అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

బంతులు మొదలయ్యాయి. మొదటి బంతిలో రెండు డేగిసాలూ సమానంగా తగ్గాయి. రెండో బంతికి లింగాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. పెళ్లికూతురి తాత. ఏ పెళ్లిలోనైనా వంటకు వంక పెట్టనిదే చెయ్యి కడగడని ఆయనకు పేరట. నాకు ఆ సంగతి మస్తాన్ సాబే చెవిలో చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో కూడా నవ్వు లేదు.

పెద్దాయన నాలుగు ముద్దలు తిని ఆగాడు. విస్తరిలో వేలితో వెతికి, మా లావు చెక్క ముక్కను బయటకు తీసి పైకెత్తి పట్టుకున్నాడు.

"మస్తానూ, ఏందిది?"

"చెక్క పెద్దాయనా. దీవుల్లోది. ఓడలో వచ్చింది."

"కట్టెపుల్ల అనుకుంటి." ఆయన దాన్ని మళ్లీ వాసన చూశాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు చేతులు ఆపి ఆయన వైపే చూస్తున్నారు. ముక్కను విస్తరి పక్కన పెట్టి, "వడ్డించేవాళ్లు యాడ పోయినారు? ఇంగొంచెం పెట్టమను" అన్నాడు.

ఆ మాట బంతి చివరిదాకా పాకింది. తర్వాత కూర్చున్నవాళ్లు "తాత తిన్న డేగిసాలోది పెట్టు" అని అడిగారు. మా డేగిసా ఖాళీ అయ్యాక కూడా రెండోదాంట్లో మోకాటెత్తు పలావు ఉండిపోయింది. మస్తాన్ సాబు గరిటె అడుగున తాటించి శబ్దం చేసి మరీ నాకు చూపించాడు. కారణం కూడా చెప్పాడు. సన్న చెక్క చిన్న గిన్నెకు బాగుంటుంది, ఇంత పెద్ద డేగిసాలో అంతసేపు మరిగితే దాని సారం ఆవిరితో పోతుంది, లావు చెక్క చివరి గరిటె దాకా నిలుస్తుంది అని.

వారం తిరగక ముందే పులివెందుల పచారీ అంగడి నుంచి మనిషి వచ్చాడు. "దీవి చెక్క ఉందంట కదా" అన్నాడు. ఆ పేరు మేం పెట్టింది కాదు, పెళ్లి పందిట్లో పుట్టింది. తుమ్మ చెక్క అన్న ప్రొద్దుటూరు వ్యాపారి ఆలస్యంగా, కొంచెం సిగ్గుపడుతూ వచ్చాడు. శెట్టిగారు ఆయనకు కుర్చీ వేయించి, "సముద్రం దాటి వచ్చింది కదా, అలిసిపోయి ఉండాది, మెల్లగా మోసుకుపో" అన్నారు.

కొత్తవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సరుకు మంచిదా చెడ్డదా అని మీరు బల్ల ముందు కూర్చుని తేల్చలేరు. దాన్ని వాడే మనిషి దగ్గరికి నడిచి వెళ్లాలి. ఆ మనిషి మీరు ఎన్నడూ అడుగుపెట్టని చోట, మీకు నచ్చని పొగలో నిలబడి ఉండవచ్చు.

పిళ్ళెగారు వచ్చారు

హైదరాబాదు రాజధాని అయిన తర్వాత కొన్నేళ్లకు పిళ్ళెగారి నుంచి ఒక జాబు వచ్చింది. భార్యతో కలిసి బొంబాయి వస్తున్నానని, అక్కడి నుంచి మా ఊరికి వచ్చి ఒక సంగతి ఎదురుగా మాట్లాడాలని రాశారు. నేను సంతోషంగా చదివాను. శెట్టిగారు మాత్రం చేతిలో వక్క అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"బొంబాయికి ఎందుకొస్తాండాడో అడిగినావా సామీ?"

"రాయలేదు శెట్టిగారూ."

"మిల్లు గుడ్డ కోసం. ఇంగ మన గుడ్డ వద్దని ముఖం చూసి చెప్పిపోదామని వస్తాండాడు. మంచోడు కాబట్టి వస్తాండాడు, ల్యాకుంటే కార్డు ముక్క రాసేవాడు."

అప్పటికి ఓబులేసు వీధిలో మగ్గాలన్నీ దీవుల గుడ్డ మీదే నడుస్తున్నాయి. 

ఎర్రగుంట్ల స్టేషనుకు ఇద్దరం వెళ్లాం. ఇన్నేళ్లు జాబుల్లో చూసిన మనిషి ఎంత పెద్దగా ఉంటారో అనుకున్నాను. రైలు దిగింది ఒక బక్కపలచటి, పొట్టి మనిషి. ఆయన పక్కన ఆయనకంటే తల ఎత్తు పొడవైన ఆమె. నల్లని నిగనిగలాడే ముఖం, ఉంగరాల జుట్టు, గౌను, చేతిలో గడ్డి టోపీ. ఆయన భార్య, దీవుల్లోనే పుట్టిన మనిషి. శెట్టిగారు దండ వేయబోతే పిళ్ళెగారు ఆయన్ను పట్టుకుని గట్టిగా కావలించుకున్నారు. దండ ఇద్దరి మధ్యా నలిగిపోయింది. ఆయన తమిళంలో మాట్లాడారు, ఈయన తెలుగులో జవాబిచ్చారు. ఒక్క మాట కూడా నన్ను అడగలేదు.

భోజనాల దగ్గర పిళ్ళెగారు అసలు సంగతి చెప్పారు. శెట్టిగారు అనుకున్నదే. పూల అచ్చు వేసిన మిల్లు గుడ్డ చౌకగా వస్తోంది, పక్క అంగళ్లలో అదే అమ్ముడుపోతోంది, ఆడవాళ్లు దాన్నే అడుగుతున్నారు. చెక్క మాత్రం పంపుతూనే ఉంటానన్నారు. చెబుతున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

"నీ అంగడి నీది" అన్నారు శెట్టిగారు. "నువ్వు నష్టపోయి నా గుడ్డ కొనమని నేను చెప్పను. ఓళిగ తిను. ఇంత దూరం వచ్చినారు కదా, నేసేవాళ్లను ఒకసారి చూసి పోండి."

ఆ సాయంకాలమే కారు మాట్లాడుకుని జమ్మలమడుగు వెళ్లాం. ఓబులేసు గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. వీధి ఆడవాళ్లంతా వచ్చి గుమ్మం దగ్గర మూగారు. వాళ్ల కళ్లన్నీ ఆ పొడవాటి ఆమె మీదే. లక్షుమమ్మ ఆమెకు పీట వేసి, నన్ను అడిగింది.

"ఆయమ్మ పేరేంది సామీ?"

"మారీ."

"మరీ?" అంది లక్షుమమ్మ. "మరీ ఏంది? చెప్పు."

"అంతే. మారీ."

ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. మారీకి కారణం తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వు గదంతా నిండేట్టు ఉంది. లక్షుమమ్మ చటుక్కున వంగి ఆమె గౌను అంచు పట్టుకుంది.

"ఓ మామా! ఇట్ల సూడు. ఇది నీ గుడ్డనే."

నిజమే. మారీ మా తువ్వాలు గుడ్డను అడ్డంగా తిప్పి, అంచు పాదాల దగ్గరికి వచ్చేట్టు, నడుము దగ్గర కుచ్చులు పెట్టి కుట్టించుకుంది. ఓబులేసు పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడెను ఆపి మగ్గంలోంచి లేచి వచ్చాడు. తను నేసిన గుడ్డను కట్టుకున్న దీవి మనిషిని అతను చూడటం అదే మొదటిసారి. దగ్గరికి రావడానికి మొహమాటపడి, దూరం నుంచే చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది మన పావడనే కదమ్మా" అంది గుమ్మంలో ఉన్న ఒకామె. ఇంకొకామె పరుగున పోయి తన కూతురి పండగ పావడ తెచ్చి చూపించింది. ఆకుపచ్చ గుడ్డ, జానెడు ఎర్రటి అంచు. మారీ దాన్ని చేతుల్లోకి తీసుకుని, తిరగేసి చూసి, భర్తతో తన భాషలో గబగబా ఏదో చెప్పింది. పిళ్ళెగారు నాకు ఇంగ్లీషులో చెప్పారు. మిల్లు గుడ్డకు అచ్చు ఒక వైపే ఉంటుంది, తిరిగినప్పుడు లోపలి వైపు వెలిసినట్టు కనిపిస్తుంది, దీనికి రెండు వైపులా ఒకటే రంగు అంటోందని.

"తిరగడమేంది?" అన్నాడు ఓబులేసు.

నేను ఆ మాట చెబితే మారీ లేచి నిలబడింది. ఓబులేసును మళ్లీ మగ్గంలో కూర్చోమని చేత్తో చూపించింది. అతను కూర్చుని నాడె ఆడించాడు. టకటకా, టకటకా. ఆమె కొంచెంసేపు ఆ శబ్దం వింది. తర్వాత చెప్పులు విడిచి, చేతులతో గౌను అంచులు పట్టుకుని, పాదాలు నేలకు రాస్తూ, నడుము ఊపుతూ ఆ శబ్దానికి ఆడటం మొదలుపెట్టింది. దీవుల్లో పని ముగిశాక అందరూ ఆడే ఆటట అది. గౌను గొడుగులా విచ్చుకుంది. ఓబులేసు వేగం పెంచాడు. ఆమె కూడా పెంచింది. పక్కింటి మగ్గం వాడు సంగతి అర్థమై తన మగ్గం కూడా కలిపాడు. ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు. శెట్టిగారు గోడకు ఆనుకుని, నోట్లో వక్క నమలడం మరిచి చూస్తున్నారు. పిళ్ళెగారు కళ్లు తుడుచుకుంటున్నారు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లే అవి.

ఆమె అలిసి పీట మీద కూర్చున్నాక ఓబులేసు మగ్గం గుంటలోంచి పైకి వచ్చి, తన జానను గాల్లో పెట్టి చూపించాడు.

"అంచు ఇంత పెడతా. ఎరుపు, పసుపు. గుడ్డ పన్నా ఇంగొంచెం ఎక్కువ చేస్తా. ఆయమ్మ పొడుగు కదా. అడుగు సామీ, సరిపోతాదా అని."

నేను అడిగే పని లేకపోయింది. మారీ అప్పటికే తన జానను అతని జాన పక్కన పెట్టి, ఇంకా పెద్దది కావాలని చూపిస్తోంది.

పిళ్ళెగారు ఆ రోజు మిల్లు గుడ్డ మాట మళ్లీ ఎత్తలేదు, ఆ అంచు గుడ్డ ఎప్పటికి పంపగలరని మాత్రం అడిగారు. తిరిగి వెళ్లేటప్పుడు శెట్టిగారి పక్కన కూర్చుని, "మా ఆడవాళ్లకు ఏం కావాలో నేను ముప్పావు మాటే తెచ్చాను, మిగతా పావు నా భార్య దగ్గర ఉందని తెలియలేదు" అన్నారు. తమిళంలోనే అన్నారు. మా అందరికీ అర్థమైంది.

కొత్త గుడ్డ మొదటి మూటలు కట్టిన రోజున, సరుకు పేరు ఏమని రాయాలా అని ఆలోచిస్తూ బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. ఆడవాళ్ల గౌను గుడ్డ అని ఇంగ్లీషులో రాద్దామన్నాను. శెట్టిగారు ఒప్పుకోలేదు.

"పావడ అనే రాయి సామీ. దాని పేరు దానిది. వాళ్లే నేర్చుకుంటారు."

ఇంగ్లీషు అక్షరాల్లో పావడ అని మూట మూట మీదా రాశాను. ఎర్రగుంట్లలో రైలెక్కించాను. తర్వాతి ఓడకు పిళ్ళెగారి జాబు వచ్చింది. సరుకు చేరిన వెంటనే అయిపోయిందట. కొండల మీద చెక్క ఒలిచే ఆడవాళ్లు కూడా దిగివచ్చి, మెట్ల దగ్గర నుంచే "పవాదా ఉందా, పవాదా" అని అడుగుతున్నారట.

నేను ఆ మాటను వాళ్లు పలికినట్టే చదివి వినిపించాను. శెట్టిగారు రెండుసార్లు తనలో తాను అనుకుని చూశారు.

"దీర్ఘం పక్కకు పోయింది" అన్నారు. "పోనీలే. ఇంగో పది మూటలు కట్టించు."